శాసనాల్లో "పెక్కండ్రు" అంటే ఎవరు?

అందరికీ నమస్తే అండి. కాకతీయుల శాసనాలు చదువుతుంటే "ఉభయ నానాదేశి పెక్కండ్రు" అని తగుల్తోంది. పెక్కండ్రు అంటే చాలామంది అనే కదా, మరి సుంకాల దగ్గర, గుడి దానాల దగ్గర ఈ చాలామంది ఎవరు?

— అర్థం అదేనండి, శాసనాల్లో మాత్రం అది వర్తక సంఘం పేరు. స్వదేశి బేహారులు (బేహారి అంటే వర్తకుడు) అంటే లోకల్ వాళ్ళు, పరదేశి అంటే బయటినుంచి వచ్చినోళ్ళు, వీళ్ళంతా కలిసి కూర్చుని ఏ సరుకు మీద గుడికి ఎంత ఇవ్వాలో తీర్మానం చేసుకునేవాళ్ళు. వర్తకులంటే రాజుకి ఎంత అవసరమో తెలియాలంటే మోటుపల్లి శాసనం చూడండి, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది, 1244లో గణపతిదేవుడు వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవాళ్ళు, ఈయన అది మానేసి, ముప్పైలో ఒక వంతు సుంకం తప్ప ఇంకేం ముట్టుకోం అని రాతి మీద మాటిచ్చాడు. వర్తకుల భయం అలా రాజు పాలసీ అయ్యింది, నాకు ఎంతో ఇష్టమైన శాసనం అది.

— ఇప్పటి ఛాంబర్లు, అసోసియేషన్లు కూడా పెక్కండ్రేనా మరి?

— నన్నడిగితే అవుననే అంటాను. హైదరాబాద్‌లో వర్తకుల ఛాంబర్ 1917 నుంచి ఉంది, ఇప్పుడు దాన్ని ఎఫ్‌టీసీసీఐ అంటున్నాం. 2022 జనవరి 1 నుంచి బట్టల మీద జీఎస్టీ 5 శాతం నుంచి 12 శాతం చేస్తామన్నప్పుడు దేశమంతా వస్త్ర వ్యాపారుల సంఘాలు వినతిపత్రాలిచ్చాయి, షాపులు మూసి బంద్‌లు చేశాయి, గుజరాత్, తెలంగాణ లాంటి రాష్ట్రాలు వద్దన్నాయి, చివరికి ముందురోజు డిసెంబర్ 31న జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని ఆపేసింది. అదే జనవరి 1న వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద పెంపు మాత్రం ఆగలేదు, 12 శాతం అయిపోయింది.

ఇంకోటి, పెక్కండ్రు అంటే అందరిదీ ఒకటే మాట అనుకోవద్దు. సింథటిక్ ఫైబర్ మీద 18 శాతం, దాంతో తీసిన నూలు మీద 12, బట్ట మీద 5 ఉండేది, ముడిసరుకు మీద కట్టింది ఎక్కువ, అమ్మినప్పుడు వచ్చేది తక్కువ, దాంతో డబ్బు ఇరుక్కుపోతోంది సరిచేయండని అడిగినవాళ్ళూ ఆ పరిశ్రమలోనే ఉన్నారు. బట్ట రేటు పెంచి సరిచేస్తే షాపువాడికి, కొనేవాడికి దెబ్బ. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ ఫైబర్, నూలు రెండిటినీ 5కి దించారు, 2500 రూపాయల లోపు చెప్పులు కూడా 5కి వచ్చాయి. ముందే ఇలా చేసుండాల్సింది, నాలుగేళ్ళు పోయాయి.

— బానే ఉంది గానీ చేత్తో పనిచేసేవాళ్ళ మాట ఎవరు చెప్పాలండి? ఛాంబర్ మీటింగుల్లో నేతగాడు ఎక్కడ కనిపిస్తాడు?

— మంచి ప్రశ్న, నాకూ అదే బాధ. బడ్జెట్ ముందు మంత్రిగారి మీటింగ్‌కి పిలుపు రావాలంటే రిజిస్టరైన సంఘం ఉండాలి, లెక్కలేసి నోట్ రాసిచ్చే మనిషుండాలి, మగ్గం మీదున్నాయనకి అంత తీరికెక్కడ. పాతకాలంలో నూనె గానుగవాళ్ళకి సొంతంగా "తెలికి వేవురు" అని సంఘం ఉండేది, వేవురు అంటే వెయ్యిమంది, శాసనాలకెక్కిన పేరే. సాలెవాళ్ళ సంఘాల పేర్లు ఎవరికైనా శాసనాల్లో కనిపించి ఉంటే ఇక్కడ పెట్టండి.