ఇటాలియన్‌లో విశేషణం నామవాచకానికి ముందా, వెనుకా?

నల్లగొండ విద్యార్థిని:
అందరికీ నమస్కారం. పైచదువుకు ఇటలీ వెళ్లాలని నాలుగు నెలలుగా ఇంటి దగ్గరే ఇటాలియన్ నేర్చుకుంటున్నాను. విశేషణం నామవాచకం తరువాత వస్తుందని మొదట్లోనే చదివాను. ఎర్ర కారు ‘మాక్కినా రోస్సా’ అవుతుంది, అంటే ముందు కారు, ఆ తరువాత ఎరుపు. ఆ వరుసకు అలవాటు పడుతుండగానే ‘బెల్ లీబ్రో’ (చక్కని పుస్తకం), ‘వెక్కియో అమీకో’ వంటివి ఎదురయ్యాయి. వీటిలో విశేషణం మన తెలుగులో లాగా ముందే ఉంది. నిన్న వయసు మళ్లిన ఒక స్నేహితుడి గురించి రాస్తూ ‘వెక్కియో అమీకో’ అంటే, అర్థం మారిందని దిద్దారు. ఇవన్నీ బట్టీ పట్టవలసిందేనా, లేక దీనికొక పద్ధతి ఉందా?

పాలమూరు పాఠకుడు:
పద్ధతి ఉంది చెల్లెమ్మా, మీ ఊరి పేరుతోనే మొదలుపెడదాం. నల్లగొండలో నలుపు ముందు, కొండ తరువాత. ఇటలీ, ఫ్రాన్స్ సరిహద్దులోని ఆల్ప్స్ శిఖరాన్ని ఇటాలియన్లు ‘మోంతే బియాంకో’ అంటారు. అక్కడ కొండ ముందు, తెలుపు వెనుక. రంగు, ఆకారం, దేశం వంటివి ఒక వస్తువును తక్కినవాటి నుంచి వేరు చేసి చూపుతాయి కనుక సాధారణంగా వెనుకే నిలుస్తాయి. ముందుకు వచ్చిన విశేషణం అలా వేరు చేయదు, చెప్పేవారి అంచనానో, అభిమానాన్నో, జాలినో ఆ పేరుకు అద్దుతుంది. ‘ఉవోమో గ్రాందే’ అంటే భారీ మనిషి, ‘గ్రాందే ఉవోమో’ అంటే గొప్పవాడు. మన దగ్గర పంచాయితీకి పిలిచే ‘పెద్దమనిషి’ ఎత్తును ఎవరూ కొలవరు కదా, ఇదీ అంతే. ‘ఉవోమో పోవెరో’ చేతిలో డబ్బు లేనివాడు, ‘పోవెరువోమో’ అంటే ‘పాపం, ఆ మనిషి’ అని. మీ వాక్యంలో ‘అమీకో వెక్కియో’ అంటే వయసు మళ్లిన స్నేహితుడు, ‘వెక్కియో అమీకో’ అంటే ఏళ్ల తరబడి స్నేహం ఉన్నవాడు. ఈ తేడాకు తెలుగులో మనం ‘ముసలి’, ‘పాత’ అని రెండు మాటలు వాడుతున్నాం, వాళ్లు ఒకే మాటను అటూ ఇటూ జరుపుతున్నారు.

దేవరకొండ తెలుగు పంతులు:
పై సమాధానం బాగుంది. ముందుకు వచ్చిన కొన్ని విశేషణాలు తమ రూపాన్ని కూడా కుదించుకుంటాయని కలుపుతున్నాను. ‘బెల్లో’ అన్నది ‘లీబ్రో’ ముందు ‘బెల్’ అవుతుంది, మంచి అనే ‘బువోనో’ ‘బువోన్’ అవుతుంది. వెనుక ఉన్నప్పుడు మాత్రం నిండు రూపమే. బడిలో చదివిన ప్రాతాది సంధిని గుర్తు చేసుకోండి. కెంపు, తామర కలిసినప్పుడు ‘కెందామర’ అయి, ముందున్న మాటలో ‘కె’ మాత్రమే మిగిలి, దానికి ‘న్’ చేరుతుంది. విశేషణం వెనుక రావడం కూడా మనకు పూర్తిగా కొత్త కాదు. ‘కార్మికవృద్ధులు’, ‘మామిడిగున్న’ అన్న విశేషణ ఉత్తరపద కర్మధారయాలను పిల్లలకు ఏటా చెబుతూనే ఉన్నాం.

నల్లగొండ విద్యార్థిని:
అన్నగారికి, పంతులుగారికి ధన్యవాదాలు. ‘బెల్లా కాసా’ అంటే అందమైన ఇల్లు కనుక, చాలా అందమైన ఇల్లు ‘మోల్తో బెల్లా కాసా’ అవుతుందా?

పాలమూరు పాఠకుడు:
‘మోల్తో’ తోడైతే విశేషణాన్ని వెనుకకు పంపండి, ‘కాసా మోల్తో బెల్లా’ అనండి. అయితే ‘నా’, ‘ఈ’, ‘రెండు’ వంటి మాటలు మనకు లాగే ముందుంటాయి, ‘లా మీయా కాసా’ అన్నట్లు.