జావా ఫైల్లో తెలుగు: ‘అలిపిరి’ కంపైల్ అవుతుంది, ‘తిరుపతి’ కాదు

ప్రశ్న (స్టేషన్‌రోడ్_జావా):
మాది తిరుపతి. మా మామయ్య ట్రావెల్స్ ఆఫీసుకి టికెట్ స్లిప్పుల ప్రోగ్రాం జావాలో రాశాను. ఊర్ల పేర్లు కోడ్‌లోనే తెలుగులో పెట్టాను. ఇంట్లో బాగానే నడిచింది. ఆఫీసు సిస్టంలో కంపైల్ చేస్తే ‘తిరుపతి’, ‘తిరుచానూరు’ ఉన్న లైన్లలో 81 అని చూపిస్తూ ఎర్రర్. ఆ రెండూ తీసేస్తే కంపైల్ అవుతుంది గానీ, ‘అలిపిరి’ బటన్ మీద నెత్తిన గీతున్న ఇంగ్లీషు ఏ, డిగ్రీ గుర్తు, మధ్యమధ్య తలకిందుల ప్రశ్నార్థకం. ‘కాణిపాకం’ కూడా అంతే. రెండూ విండోసే. ఇంట్లో జావా 21, అక్కడ 17.

పేర్లు ఇంగ్లీషులో పెట్టేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, స్లిప్పు తీసుకునే పెద్దవాళ్లు చాలామంది తెలుగే చదువుతారు. రేపు పొద్దున చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (పాకాల_జంక్షన్):
తమ్ముడూ, నీ ఫైల్ బాగానే ఉంది. యూటీఎఫ్-8 అంటే అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా, అంటే నంబర్లుగా, దాచే పద్ధతి (ఎన్‌కోడింగ్). అందులో మన అక్షరమైనా, గుణింతం గుర్తయినా ఒక్కోటి మూడు బైట్లు. ‘అలిపిరి’ అంటే ఏడు గుర్తులు, 21 బైట్లు. ఆఫీసులోని జావా దాన్ని విండోస్-1252 (ఇంగ్లీషు లాంటి భాషలకున్న పాత ఎన్‌కోడింగ్) అనుకొని బైటుకో అక్షరం చదువుతోంది. గుడి గుర్తు (ి) చివరి బైటు అక్కడ తలకిందుల ప్రశ్నార్థకం. లెక్కపెట్టు, అలిపిరిలో సరిగ్గా మూడుంటాయి. కొమ్ము చివరి బైటు 81, 1252లో ఆ గడి ఖాళీ. అందుకే ‘రు’ దగ్గర ఆగింది. పొల్లుదీ అదే కథ, ‘చిత్తూరు’ పెట్టినా ఆగేది. ఎర్రర్ ఇచ్చిన పేర్లే నయం, అలిపిరి చడీచప్పుడు లేకుండా పాడైంది చూడు.

జావా 18 నుంచి, అంటే 2022 నుంచి, డిఫాల్ట్ యూటీఎఫ్-8. ఇంట్లో నడిచింది అందుకే.

జవాబు (చిత్తూరు_కోడర్):
అలాగని జావా మార్చి వదిలేయొద్దు, ఇంకో సిస్టంలో మళ్లీ ఇదే గొడవ. కంపైల్ కమాండ్‌లో ఎన్‌కోడింగ్ ఆప్షన్‌కి యూటీఎఫ్-8 అని రాసిపెట్టండి. మావెన్ (జావా ప్రాజెక్టుల్ని బిల్డ్ చేసే టూల్) వాడుతుంటే సోర్స్ ఎన్‌కోడింగ్ ప్రాపర్టీ. ఎడిటర్ కాన్ఫిగ్ ఫైల్లో కూడా ఒక లైను. సేవ్ చేసేటప్పుడు బామ్ (ఫైల్ మొదట్లో చేరే కనిపించని గుర్తు) లేనిదే ఎంచుకోండి, బామ్ ఉంటే జావా కంపైలర్ మొదటి లైన్లోనే ఇల్లీగల్ క్యారెక్టర్ అంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా: ఎడిటర్‌లో పిచ్చి గుర్తులు కనిపిస్తుంటే సేవ్ కొట్టొద్దు. నేను కొట్టాను. కొమ్ములూ పొల్లులూ పోయాయి, 140 పేర్లు మళ్లీ టైపు చేసుకున్నాను.

స్టేషన్‌రోడ్_జావా:
అన్నా, కమాండ్‌లో పెట్టాను. తిరుపతి వచ్చింది, తిరుచానూరు వచ్చింది. చిత్తూరు కూడా చేర్చి చూశాను, వత్తుతో సహా వచ్చింది. మామయ్యకి ఇప్పుడే ఫోటో పంపాను.