పదేళ్లు షెడ్డులో పడున్న రాజ్‌దూత్ 350ని ఇంట్లోనే లేపాలి: ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి?

రేకులషెడ్డు_గుంటూరు:

అందరికీ నమస్కారం. బండి 1987 రాజ్‌దూత్ 350 (యమహా ఆర్‌డీ350కి మన దేశపు రూపం), తక్కువ పవర్ ఉండే లో టార్క్ మోడల్. పదేళ్లకు పైగా కదల్లేదు. కిక్ రాడ్ దిగడం లేదు. టాప్ గేరేసి వెనక చక్రం తోసినా ఇంజన్ తిరగడం లేదు. ట్యాంకు నిండా తుప్పు. కార్బరేటర్లు రెండూ, ఆయిల్ పంపు, సైలెన్సర్లు ఒరిజినల్‌వే ఉన్నాయి. ఆర్‌సీ బుక్కు ఉంది కానీ గడువు ఎప్పుడో అయిపోయింది.

స్పానర్లు, టార్క్ రెంచ్, వెర్నియర్, ఫీలర్ గేజ్ ఉన్నాయి. బోరింగు, క్రాంక్ ప్రెస్సు పని బెజవాడ ఆటోనగర్‌లో చేయించి మిగతాదంతా ఇంట్లోనే చేసుకోవాలని ఆలోచన. పెయింట్‌తో మొదలుపెట్టమంటున్నారు కొందరు, పనిమీద ఉత్సాహం ఉంటుందని. ఎక్స్‌పాన్షన్ ఛాంబర్లు (పవర్ పెంచే ప్రత్యేక ఎగ్జాస్టు పైపులు), ముందు డిస్క్ బ్రేకు కూడా వేయాలనుంది. ఏది ముందు, ఏది తర్వాత? ఇంట్లో చేయకూడనివి ఏవైనా ఉన్నాయా?

బెజవాడ_టూస్ట్రోక్:

పెయింట్ ఆఖరు. ఛాంబర్లు దాని తర్వాత ఆఖరు. ఈ ఇంజన్‌లో పిస్టన్ కింద ఉన్న క్రాంక్ గది కూడా గాలి పంపే పనే చేస్తుంది. అక్కడ సూదిమొనంత సందున్నా లెక్కలోకి రాని గాలి దూరుతుంది, మిశ్రమం పలచబడుతుంది (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ), పిస్టన్ వేడికి బోరులో పట్టేస్తుంది. ఆర్‌డీలు పట్టేసిన ప్రతిసారీ "ఆయిల్ తక్కువైంది" అంటారు. చాలాసార్లు అసలు దొంగ గాలి.

ముందు హెడ్లు విప్పి చూడండి. ఒక్కో బోరులో 50 మిల్లీలీటర్లు డీజిలు, టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) సగం సగం కలిపి పోసి మూడు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేర్‌లో చక్రాన్ని ముందుకూ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపండి. కిక్ మీద ఎక్కి తొక్కొద్దు, కిక్ గేరు పళ్లు పోతాయి. సిలిండర్ బ్లాకు ఊడి రాకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి ఫిన్నులు ఎత్తొద్దు. ఫిన్ను విరిగితే వెల్డింగు పెట్టించినా ఆ మచ్చ బతికున్నంత కాలం కనిపిస్తుంది.

ఇంజన్ వదిలింది కదా అని అక్కడితో ఆగకండి. పదేళ్ల తేమ క్రాంక్ గది అడుగున చేరి బిగ్ ఎండ్ రోలర్ల (కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు) మీద గుంటలు పెట్టేసి ఉంటుంది. ఆ గుంటలు చేతికి తెలియవు, నాలుగు వేల ఆర్‌పీఎమ్ దాటాక చెవికి తెలుస్తాయి. కాబట్టి కింది భాగం విప్పాల్సిందే. ఎడమవైపు రోటర్ తీయడానికి పుల్లర్ వాడండి. అంచు మీద సుత్తితో కొడితే రోటర్ రాకముందే క్రాంక్ వంగుతుంది, ఎందుకంటే ఇది ముక్కలుగా ప్రెస్ చేసి కూర్చిన క్రాంకు.

ప్రెస్సు పని ఇంట్లో వద్దు. రాడ్ కిట్లు, బేరింగులు వేసి తెచ్చాక మాత్రం వాళ్ల మాట మీద వదిలేయకుండా వీ బ్లాకుల మీద పెట్టించి డయల్ గేజ్‌తో మీ కళ్లముందే తిప్పించండి. ముల్లు 0.03 మిల్లీమీటర్లకు మించి ఊగకూడదు. "టూ వీలరే కదా, సరిపోద్ది" అంటే బండెక్కించుకుని ఇంకో షాపుకెళ్లండి.

బోరు స్టాండర్డ్ 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు 54. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25 చొప్పున పెరుగుతాయి. పిస్టన్లు కొని చేతిలో పెట్టుకున్నాకే బోరింగుకి వెళ్లండి. పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టు బోరు కొట్టాలి గానీ బోరు కొట్టించి పిస్టన్ వెతకడం కాదు. పిస్టన్‌ను స్కర్టు కింది అంచు నుంచి 10 మిల్లీమీటర్లు పైన, పిన్నుకు అడ్డంగా మైక్రోమీటర్‌తో కొలవాలి. పిస్టన్‌కూ బోరుకూ మధ్య సందు ఎంతుండాలో పిస్టన్ పెట్టె మీద ఉంటుంది, లేకపోతే 0.04 నుంచి 0.045 మధ్య పెట్టించండి. రెండు బోర్లూ ఒకే సైజు.

ఇంకోటి, దీన్ని మన దగ్గర నూటికి తొంభై మంది వదిలేస్తారు. బోరు కొట్టగానే పోర్టుల (బోరు గోడలో గాలి, పొగ పోయే కిటికీలు) అంచులు బ్లేడులా తయారవుతాయి. రింగు ఆ అంచుకు తగిలి విరిగి పోర్టులో ఇరుక్కుంటుంది, బ్లాకు మళ్లీ మొదటికి. చిన్న గుండ్రటి రాయితోనో 400 నంబరు ఎమరీ చుట్టిన వేలితోనో ప్రతి పోర్టు అంచునూ మొద్దుబార్చాలి. వేలిగోరు అంచు మీదుగా పోనిచ్చి చూడండి, గోరు గీరుకుంటే ఇంకా పదునుందన్నమాట. తర్వాత సబ్బు నీళ్లతో, బ్రష్షుతో కడగాలి. పెట్రోల్‌తో తుడిస్తే రాతిపొడి గీతల్లోనే ఉండిపోతుంది. తెల్ల గుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. అప్పుడు వెంటనే ఆయిల్ రాయండి, మన గాలికి గంటలో ఎర్రబడుతుంది.

ఇంజన్ కేసులకు శాండ్ బ్లాస్టింగ్ మాత్రం పొరపాటున కూడా చేయించొద్దు. ఇసుక ఆయిల్ దారుల్లో ఎక్కడో దాక్కుని రెండు నెలల తర్వాత క్రాంకులో తేలుతుంది. కిరసనాయిలు, పాత టూత్ బ్రష్షు, ఓపిక. అంతే.

సీల్స్ కొత్తవి వేసి ఇంజన్ కూర్చాక ఛాసిస్‌లో పెట్టకముందే గాలి పరీక్ష చేయాలి. దానికి ప్రత్యేకమైన కిట్టు అక్కర్లేదు. ఇంట్లో పాత బీపీ మిషన్ ఉందా, గుండ్రటి డయల్ది? దాని రబ్బరు బంతి, డయల్ చాలు. 300 దగ్గర ముల్లు ఉంటే అది దాదాపు 5.8 పీఎస్ఐ, మనకు కావలసింది 6. రెండు ఎగ్జాస్టులూ రబ్బరు షీటు పెట్టి మూసేయండి. ఒక కార్బరేటర్ రబ్బరుకు బిరడా, రెండోదానికి ట్యూబు గుచ్చిన బిరడా, ప్లగ్గులు బిగించి ఉండాలి. రెండు వైపులూ ఒకేసారి మూయాలి. మధ్య సీలు క్రాంకును తాకని రకం, గాలి ఇటునుంచి అటు పోతూనే ఉంటుంది, అది లీకు కింద లెక్క కాదు. 300 దాకా నింపి గడియారం చూడండి. నిమిషానికి 50కి మించి పడకూడదు. పడితే సబ్బు నురగ రాసి బుడగ ఎక్కడొస్తుందో వెతకండి.

మైనంపొడి350:

పై పోస్టుకు వంక పెట్టేదేమీ లేదు. ట్యాంకు, కార్బరేటర్లు, ఇగ్నిషన్ గురించి రాస్తాను.

ట్యాంకుకు యాసిడ్ వద్దు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, లీటరుకు 50 గ్రాములు. ట్యాంకు 16 లీటర్లు పడుతుంది కాబట్టి 800 గ్రాములు వేడినీళ్లలో కరిగించి అంచు దాకా నింపి రాత్రంతా ఉంచండి. పెట్రోల్ కాక్ ముందే తీసి రబ్బరుతో మూసేయండి. పొద్దున్న వంపేసి వంటసోడా నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి హెయిర్ డ్రయ్యర్‌తో అప్పటికప్పుడు ఆరబెట్టాలి. ఎండలో పెట్టి అన్నానికి వెళ్లొస్తే తిరిగొచ్చేసరికి కొత్త తుప్పు తయారు. ఆరగానే 200 మిల్లీలీటర్లు టూటీ ఆయిల్ పోసి అన్ని వైపులా తిప్పండి.

కార్బరేటర్లు రెండూ మికుని 28 ఎంఎం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మామూలు పెట్రోల్‌కు బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ20కి దాదాపు 13.5 చాలు. అంటే పాత జెట్లతో (కార్బరేటర్‌లో పెట్రోల్ దిగే సన్న రంధ్రాలు) అదే ఇంజన్ ఎనిమిది శాతం దాకా పలచగా నడుస్తుంది. కంపెనీ సైజు మెయిన్ జెట్ ఇప్పుడు కంపెనీ సెట్టింగు కాదు. ఒకటి రెండు సైజులు పైనుంచి మొదలుపెట్టి కిందికి రండి. పైగా ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది. రెండు వారాలు బండి తీయరనుకుంటే కార్బరేటర్ బౌల్స్ ఖాళీ చేసేయండి. పాత రబ్బరు ట్యూబులు కూడా మార్చండి, ఉబ్బిపోతాయి.

మన ఊళ్లకే ప్రత్యేకమైన మాట ఒకటి. మేలో 44 డిగ్రీల్లో జెట్టింగ్ సరిచేసి డిసెంబరు తెల్లారుజామున 18 డిగ్రీల్లో ప్రకాశం బ్యారేజీ దాటారనుకోండి, గాలి తొమ్మిది శాతం చిక్కగా ఉంటుంది. మిశ్రమం దాదాపు అందులో సగం మేర పలచబడుతుంది. అందుకే పట్టేయడాలు ఎండాకాలం కంటే చలికాలం పొద్దుటి పూట ఎక్కువ. జెట్టింగ్ చలిలో చేసి ఎండాకాలం కాస్త పొగను భరించడమే క్షేమం.

ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు రెండు సెట్లు, ఒక్కో సిలిండర్‌కు ఒకటి. ముందు సందు 0.3 నుంచి 0.4 మధ్య పెట్టి, ఆ తర్వాతే టైమింగ్. తలకిందులుగా చేస్తే సందు పెంచిన ప్రతిసారీ పాయింటు ముందే తెరుచుకుని టైమింగ్ ముందుకు జరిగిపోతుంది. ప్లగ్ రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి రెండు సిలిండర్లకూ విడివిడిగా చూడండి. ఒకటి చూసి రెండోది కూడా అంతే ఉంటుందిలే అనుకోవడం ఒక పిస్టన్ ఖరీదు. ప్లగ్గులు బీ8హెచ్ఎస్, సందు 0.5 నుంచి 0.6.

ఆయిల్ పంపుకు గాలి తీయడం మర్చిపోవద్దు. గాలి స్క్రూ విప్పి బుడగలు ఆగేదాకా ఆయిల్ కారనివ్వండి. యాక్సిలరేటర్ కేబులు ఒకటే వచ్చి మూడుగా చీలుతుంది, రెండు కార్బరేటర్లకు, ఒకటి పంపుకు. కార్బరేటర్ స్లైడులు రెండూ ఒకే క్షణంలో లేవాలి. వేలు లోపల పెట్టి చూడండి, కళ్లకంటే వేలు నయం. అది సరిచేశాకే పంపు పుల్లీ గుర్తు. పంపు కనీస స్ట్రోకు 0.20 నుంచి 0.25. మొదటి రెండు ట్యాంకులకు పంపుతో పాటు పెట్రోల్లోనూ 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు కలపండి. ఆ రెండు ట్యాంకులూ ఫుల్ థ్రాటిల్ తిప్పొద్దు, ఆయిల్ కలిపిన పెట్రోల్ జెట్‌లోంచి కాస్త తక్కువగానే దిగుతుంది.

కృష్ణలంక_గ్యారేజ్:

బ్రేకు సంగతి ఎవరూ ఎత్తలేదు. జపాన్ ఆర్‌డీ350కి 1973లోనే ముందు డిస్కు ఉండేది, మనకిచ్చింది డ్రమ్ము. హై టార్క్ 30.5 బీహెచ్‌పీ, మీ లో టార్క్ 27. రెంటికీ ఆ డ్రమ్మే. అయినా డిస్కు కొనే ముందు ఉన్నదాన్ని సరిగ్గా సెట్ చేసి చూడండి, చాలామంది తిట్టేది సెట్టింగులేని డ్రమ్మునే.

అందులో రెండు కామ్‌లు, వాటిని కలిపే రాడ్డు ఉంటాయి. రాడ్డు లాక్ నట్టు వదులు చేసి ఒక్కో షూ విడివిడిగా డ్రమ్మును ఎప్పుడు తాకుతుందో చూడండి. రెండూ ఒకేసారి తాకేలా రాడ్డు పొడవు సరిచేసి నట్టు బిగించాలి. ఒకటి ముందు తాకితే ఆ ఒక్క షూయే పని చేస్తుంది, మీ బ్రేకు సగం. షూల మీద చాక్‌పీసు రుద్ది చక్రం వేసి బ్రేకు పట్టి తిప్పి, విప్పి చూడండి. చాక్ అరిగిన చోటే తాకుతున్నట్టు. మధ్యలో మాత్రమే అరిగితే డ్రమ్ము సైజుకు షూలు తిప్పించుకోవాలి. డ్రమ్ము గుడ్డులా అయితే లేత్ మీద స్కిమ్మింగ్, అదీ చక్రానికి పుల్లలు (స్పోకులు) బిగించాకే. ముందు స్కిమ్ చేయించి తర్వాత పుల్లలు బిగిస్తే హబ్బు మళ్లీ లాగుకుంటుంది.

ఛాంబర్ల విషయానికొస్తే, పైపు మార్చి జెట్ మార్చకపోతే పిస్టన్ మధ్యలో రూపాయి బిళ్లంత చిల్లు. మెయిన్ జెట్ మూడు నాలుగు సైజులు పెంచి, మూడో గేర్‌లో ఫుల్ థ్రాటిల్ మీదే క్లచ్ పట్టి ఇంజన్ ఆపి ప్లగ్ చూస్తూ ఒక్కో సైజు కిందికి రండి. పింగాణీ అడుగున, లోపలి అంచున ఉండే రంగే లెక్క, కొసన కనిపించేది కాదు. లో టార్క్ బ్లాకు పోర్టులకు ఛాంబర్ పైపు పెద్దగా కలిసిరాదు కూడా. నన్నడిగితే మీ సైలెన్సర్లు చిల్లుల్లేకుండా ఉంటే లోపలి బ్యాఫిల్ తీసి మసి కాల్చి అవే వేయండి. ఒరిజినల్‌వి పోగొట్టుకున్నవాళ్లు ఇప్పుడు వెతుక్కుంటున్నారు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీ వివరాలకు తేడా వచ్చే మార్పులు కుదరవు. మీకు 15 ఏళ్ల గడువు దాటింది, ఫారం 25 పెట్టి బండి చూపించాలి, అయితే ఐదేళ్లకు రెన్యూవల్ ఇస్తారు. ఛాంబర్లు, డిస్కు వేసుకుని ఆ తనిఖీకి వెళ్లడం అనవసరమైన తలనొప్పి. పాతబండి రిజిస్ట్రేషన్ అనే వీఏ సిరీస్ 50 ఏళ్లు దాటినవాటికే, మీది 2037లో.

పౌడర్ కోటింగ్‌కి ఛాసిస్ ఇచ్చేటప్పుడు ఛాసిస్ ముందు భాగంలో హ్యాండిల్ తిరిగే గొట్టం మీదున్న ఛాసిస్ నంబరుకు వేడి తట్టుకునే టేపు వేసి, దాని మీద బ్లాస్టింగు చేయొద్దని రాసి మరీ ఇవ్వండి. పౌడర్ మందానికి అంకెలు పూడిపోతే తనిఖీలో పెన్సిలు రుద్ది ప్రింటు తీసేటప్పుడు ఏమీ పడదు. ఎర్త్ వైరు బిగించే చోటు, బేరింగు కప్పులు కూర్చునే చోటు, మరలు కూడా మూయించండి.

రేకులషెడ్డు_గుంటూరు:

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇంజన్ కూర్చి బీపీ మిషన్ పరీక్ష పెట్టాను. 300 నుంచి నిమిషంలో 190కి పడిపోతోంది. బయట ఎక్కడా బుడగ లేదు. గేర్ ఆయిల్ పోసే మూత విప్పితే మాత్రం సన్నగా గాలి వస్తోంది. కుడి సీలేనా?

బెజవాడ_టూస్ట్రోక్:

గేరుబాక్సులోకి గాలి వస్తుంటే ముద్దాయిలు ఇద్దరు. ఒకరు కుడి సీలు. రెండోది పై కేసు, కింది కేసు కలిసే జాయింటు, ఎందుకంటే ఈ ఇంజన్ అడ్డంగా చీలుతుంది, క్రాంక్ గదికీ గేరుబాక్సుకూ మధ్య గోడ కూడా ఆ జాయింటు మీదే ఉంటుంది. సందేహం తీరాలంటే క్లచ్ కవరు, ప్రైమరీ గేరు తీసి సీలు చుట్టూ నురగ రాయండి. పెదవి దగ్గర బుడగొస్తే సీలు: పొడిగా ఎక్కించి మడత పడి ఉండొచ్చు, లేదా క్రాంక్ మీద పాత సీలు అరగదీసిన గాడి ఉండొచ్చు. వేలిగోరుకు గాడి తగిలితే కొత్త సీలు వేసినా ఆగదు, ఆ ముక్కకు లేత్‌లో పని పడుతుంది.

అక్కడ బుడగ లేకపోతే జాయింటు. కేసులు మళ్లీ విప్పి, పాత గమ్ము థిన్నర్‌తో పూర్తిగా తీసి, గాజు పలక మీద పెట్టి ఎత్తుపల్లాలు చూసి, పలచగా కొత్త గమ్ము రాసి మధ్య నుంచి బయటికి రెండు మూడు విడతల్లో బోల్టులు బిగించండి. ఈ రెండింటి కంటే ముందు మీ ట్యూబు, బిరడా, బంతి వాల్వు వేరుగా మూసి 300 పెట్టి చూశారా? పాత బీపీ మిషన్లకు వాల్వే కారుతుంది.