ఎంజిన్‌ఎక్స్ కన్ఫిగ్‌లో ఒకటో లైనే తప్పంటోంది, ఎందుకు?

అన్నలూ, అమీర్‌పేటలో మా బాబాయి కోచింగ్ సెంటర్ సైటు నేనే చూస్తాను. సర్వర్ అంటే మూలనున్న పాత ఉబుంటు (లినక్స్) పీసీయే, అందులో సైటును నడిపేది ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్. దాని కన్ఫిగ్ (సెట్టింగ్‌ల) ఫైల్లో పోర్టు 8080ని 8081 చేసి, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసి సర్వర్లో పెట్టాను. ఫైలు సరిగ్గా ఉందో లేదో చూసే 'ఎంజిన్‌ఎక్స్ -టి' కమాండ్ కొడితే ఒకటో లైన్లోనే 'అన్‌నోన్ డైరెక్టివ్ సర్వర్' (ఆ 'సర్వర్' అనే ఆదేశం ఏంటో తెలీదు) అంటోంది. స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూశా, సరిగ్గానే ఉంది.

పాత ఫైలు కంటే సైజు మాత్రం కచ్చితంగా 3 బైట్లు ఎక్కువ. మార్చింది ఒక్క అంకె కదా, ఆ మూడూ ఎక్కణ్ణుంచి వచ్చాయి? సేవ్ చేసేటప్పుడు 'యూటీఎఫ్-8 విత్ బామ్' అని ఏదో నొక్కినట్టు గుర్తు. దానివల్లేనా? ఉబుంటులోనే వాటిని తీసేసే కమాండ్ ఉంటే చెప్పరూ.

రీలోడ్ కాకపోయినా పాత సెట్టింగ్‌తో సైటు నడుస్తోంది గానీ, సాయంత్రం గాలివానకు కరెంటు పోయిందంటే ఇక లేవదు.