ఎస్తేరు గ్రంథపు చుట్ట: అంచు రంగు రాలుతున్నది, తోలు అలలు తిరుగుతున్నది

నల్లగొండ_కుంచె:
అందరికీ నమస్తే. ఎస్తేరు గ్రంథపు చుట్టను (యూదులు పుస్తకంలెక్క కాకుండ కర్రకు చుట్టి ఉంచే తోలు ప్రతి) పాత ఇటలీ పద్ధతిలో, పైనా కిందా బొమ్మల అంచుతోని నమూనాగా చేస్తున్న. ప్రదర్శనకే, ప్రార్థనకు కాదు. మేకతోలు పార్చ్‌మెంటు, ఒక్కో పత్రం 28 సెం.మీ. ఎత్తు, 55 సెం.మీ. వెడల్పు. ముందు అంచంతా పోస్టర్ కలర్‌తో వేసి, ఆ తర్వాత లోపల హీబ్రూ అక్షరాలు రాసిన.

చుట్టి మళ్ల విప్పితే ఎరుపు, బంగారు రంగు పెళ్లలు పెళ్లలుగా రాలుతున్నయి. సిరా కొన్నిచోట్ల పాకింది, కొన్నిచోట్ల పట్టనే లేదు. వానలు మొదలైనంక పత్రాలు అలలు తిరిగినయి. సన్నటి బట్ట వేసి ఇస్త్రీ చేయొచ్చా? ఇంకోటి, డప్పుకు బిగించే తోలు ఇక్కడ సులువుగ దొరుకుతది, మిగతా పత్రాలకు అది పనికొస్తదా?

పాలమూరు_తోలుపని:
ఇస్త్రీపెట్టెను దాని దగ్గరికి కూడా రానీయకండి. పార్చ్‌మెంటు పదును చేసిన తోలు కాదు. సున్నంనీళ్లల్ల నానబెట్టి, వెంట్రుకలు తీసి, చట్రానికి తాళ్లతో లాగి కట్టి, ఆ బిగువు మీదనే వంపు కత్తితో గీకి ఆరబెట్టిన పచ్చితోలు. చెమ్మ, వేడి ఒక్కసారే తగిలితే ముడుచుకుపోయి కొమ్ములెక్క గట్టిపడతది. మళ్ల సాపు కాదు.

డప్పును మంటకు కాచి బిగువు తెప్పిస్తరు, వానకాలం అది సడలుతది. మీ పత్రాలకు అయ్యేది కూడా అదే. రంగు వేయని పత్రమైతే సరిచేయొచ్చు. మూతబడే డబ్బా అడుగున తడిపి పిండిన బట్ట పరిచి, దాని పైన జాలీ పెట్టి, జాలీ మీద పత్రం ఉంచండి. నీళ్లు తగలొద్దు, ఆవిరి చెమ్మే సరిపోతది. గంట, గంటన్నరల మెత్తబడతది. అప్పుడు పలక మీద పరిచి, నాలుగు దిక్కులా క్లిప్పులు పెట్టి (క్లిప్పు కింద అట్టముక్క ఉండాలె, లేకుంటే పండ్ల గాట్లు పడతయి) సమంగ లాగి, ఒక రోజంతా ఆరనీయాలె. ఒకే దిక్కు గట్టిగ లాగితే ఇంకో మూల అల లేస్తది.

రంగు వేసినవాటికి మాత్రం ఈ పని చేయకండి, బంక రంగు చెమ్మకు జిగటయితది. అద్దుడు కాగితాల నడుమ పెట్టి బరువు వేయండి, అంతే. గాలిలో తేమ 50 శాతం దరిదాపుల నిలకడగ ఉన్న గదిలో దాచితే చాలావరకు సర్దుకుంటది.

డప్పు తోలు మందం. పావు మిల్లీమీటరు దాకా గీకాలె, అదీ చట్రం మీదనే. చట్రం లేకుండ గీకితే ఒకచోట చిల్లు, ఇంకోచోట దళసరి. ఆ పని చేతకాకుంటే కొన్న పత్రమే నయం.

దేవరకొండ_సిరా:
సిరా పట్టనిచోట జిడ్డు ఉంది, పాకినచోట తోలు పైపొర రేగింది. రబ్బరుతో పెన్సిల్ గీతలు చెరిపారా? అలా చెరిపినచోటే ముందు రేగుతుంది. హీబ్రూ లేఖకులు పెన్సిల్ వాడరు, మొండి మొన ఉన్న ములుకుతో సిరా లేకుండా గాడి గీస్తారు. ఎస్తేరు చుట్టకు ఆ గాడి గీతలు నియమం కూడా. ఇంకోటి, మనం గీత మీద కూర్చోబెట్టి రాస్తాం. అక్కడ అక్షరాలు గీత నుంచి కిందికి వేలాడాలి.

పత్రాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి. సన్నటి చుక్కలు కనిపించి కాస్త పసుపుగా ఉన్నది వెంట్రుక వైపు. తెల్లగా, మెత్తగా ఉన్నది మాంసం వైపు, రాత దాని మీదే. రాసేముందు సుద్దపొడి చల్లి, మెత్తని బట్టతో రుద్ది దులిపేయండి.

సిరాకు: దంచిన మాచికాయ 30 గ్రాములు 300 మి.లీ. నీళ్లలో నాలుగైదు రోజులు గాజుసీసాలో నానబెట్టి వడకట్టాలి. అందులో అన్నభేది (ఐరన్ సల్ఫేట్) 10 గ్రాములు, తుమ్మబంక 10 గ్రాములు. రాసినప్పుడు లేతగా ఉంటుంది, గాలి తగిలి నల్లబడుతుంది. లేతగా ఉందని అన్నభేది పెంచారంటే కొన్నేళ్లకు అక్షరం ఉన్నచోట తోలు తినేస్తుంది.

గద్వాల_అంచు:
రంగు రాలడానికి మొదటి కారణం పోస్టర్ కలర్. సుద్ద ఎక్కువ, బంక తక్కువ, పైగా మందంగ వేసి ఉంటరు. చుట్టుకునే వస్తువు మీద మందం నిలవదు. తుమ్మబంకలో కలిపిన రంగు, ఒక చుక్క తేనె వేసి, పల్చగ రెండు మూడు పూతలు వేయండి. బంగారం పేరుతో అమ్మే కంచుపొడి రాలుడే కాదు, కొన్నాళ్లకు నల్లబడతది. నిజం బంగారుపొడిని బంకలో కలిపి వాడాలె. ఉబ్బెత్తు పూత మీద రేకు అంటించే పని పుస్తకం పేజీలకు బాగుంటది గని చుట్టకు వద్దు, మొదటి చుట్టుకే పగులుతది. చుట్టే కర్ర మందం కూడ 4 సెం.మీ.కు తగ్గనీయకండి.

ముందు అంచా, ముందు రాతా అంటే, రెండూ నడిచినయి. మాంటువాలో పుట్టిన సాలొమ్ ఇటాలియా 1640ల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రాగిరేకు మీద కమానులు, స్తంభాలు చెక్కి పార్చ్‌మెంటు మీద అచ్చువేసిండు. రాత కోసం కమాను లోపల ఖాళీ, అది తర్వాత చేత్తో నింపుడు. చేత్తో వేసే అంచుకు మాత్రం నా లెక్క ఇది: ముందు సిరాతో అంచు రూపురేఖలు, తర్వాత రాత, ఆఖరికి రంగు. రాసేటప్పుడు చెయ్యి ఆనేది కింది అంచు మీదనే కాబట్టి.

మీ 28 సెం.మీ.లో పైఅంచు 4, కిందిఅంచు 5, రాత 16, నడుమ పైనా కిందా ఒకటిన్నర చొప్పున ఖాళీ. 8 మి.మీ. ఎడంతో 20 పంక్తులు పడతయి. తీగ గని ఆకు గని అక్షరానికి తాకొద్దు. ప్రతి అక్షరం చుట్టూ ఖాళీ తోలు ఉండాలె.

నల్లగొండ_కుంచె:
శానా సంతోషం అన్నా. పత్రాలు కలిపే కుట్టు దగ్గర తీగ తెగినట్టు కనిపిస్తున్నది. దానికేం జేయాలె?

గద్వాల_అంచు:
తీగను కుట్టు దాటించకండి. రెండు పత్రాల కొసలకు చెరొక సగం స్తంభం వేస్తే, కుట్టు స్తంభం నడుమ గీతలెక్క కలిసిపోతది. గద్వాల చీరలో ఒడలునూ అంచునూ నేతలోనే కలిపి అతుకు కనిపించకుండ చేసినట్టే. అసలు చుట్టల్ల జంతువు నరంతో కుడతరు. నమూనాకు మైనం పట్టించిన నారదారం చాలు, కొసల నుంచి 6 మి.మీ. లోపలికి. బిగించి లాగితే తోలు చీలుతది. హీబ్రూ కుడి నుంచి ఎడమకు చదువుతరు కాబట్టి రాత మొదటి కాలమ్ కుడి కొసన రావాలె, కర్ర ఎడమ కొసన. అలవాటు కొద్దీ ఎడమ నుంచి బొమ్మల కథ మొదలుపెడితే, కథల దుష్టుడు హామాను ఉరి ముందొచ్చి విందు తర్వాతొస్తది.

దేవరకొండ_సిరా:
రాతలో ఒక్కచోట మీ 20 పంక్తుల లెక్క కుదరదు. తొమ్మిదో అధ్యాయంలో హామాను పదిమంది కొడుకుల పేర్లు. పేర్లన్నీ కుడివైపు ఒకదాని కింద ఒకటి, ఎడమవైపు ప్రతి వరుసలో ఒక్కో చిన్నమాట, నడుమంతా ఖాళీ. పేర్లకు ముందు వచ్చే ఒక మాట వరుసతో కలిపి మొత్తం 11 వరుసలు. చాలా చుట్టల్లో ఇవి పెద్ద అక్షరాలతో ఒక కాలమ్ అంతా నిండుతాయి, కాబట్టి ఆ పత్రానికి గాడి గీతలు వేరేగా, 14 మి.మీ. ఎడంతో గీసుకోండి. నడిమి ఖాళీ బోసిగా ఉందని పువ్వు పెట్టకండి. ఆఖరి పేరులో ఒక అక్షరం మిగతావాటికన్నా పెద్దది, ఒకటి చిన్నది. తప్పనుకొని సరిచేయకండి.