గోడకు బూజు: ఇన్‌స్పెక్టర్‌ను ఎలా ఎంచుకున్నారు?

లత, నిజాంపేట్
అందరికీ నమస్తే. మాది అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు, బిల్డర్ తాళాలిచ్చి మూడేళ్లయింది. బెడ్‌రూమ్‌లో వార్డ్‌రోబ్ వెనక గోడంతా నల్లటి చుక్కలు. బట్టలు తీస్తే ముక్కిపోయిన వాసన. మా పెద్దోడికి ఆస్తమా ఉంది, ఈ వానాకాలంలో ఇన్‌హేలర్ వాడకం బాగా పెరిగింది. చాలా టెన్షన్‌గా ఉంది. పిలిచినవాళ్లలో ఒకాయన గోడ వంక చూడగానే కోటింగ్ వేయాలన్నాడు, 85 వేలు చెప్పాడు. ఇంకొకాయన గాలి పరీక్ష చేయాలన్నాడు, ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేదు. కంపెనీల పేర్లు వద్దు. అర్హత ఉన్న మనిషిని మీరు ఎలా గుర్తుపట్టారో చెప్పండి చాలు.

అన్వేష్, మణికొండ
లతగారూ, బూజు ఇన్‌స్పెక్టర్ అనే పనికి మన దగ్గర ప్రభుత్వ లైసెన్స్ లేదు. అమెరికాలో టెక్సస్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో ఉంది. అక్కడ ఒకే ఇంట్లో బూజు ఉందని తేల్చినవాళ్లే దాన్ని తీసే పని కూడా చేయకూడదని చట్టమే చెబుతుంది. ఇక్కడ ఆ కట్టుబాటు మనమే పెట్టుకోవాలి. నేను ఫోన్‌లోనే అడిగేవాణ్ని, "వాటర్‌ప్రూఫింగ్ కూడా మీరే చేస్తారా?" అని. చేస్తామన్నవాళ్లను పిలవలేదు. "ఫ్రీ ఇన్‌స్పెక్షన్" అన్నవాళ్లు దాదాపు అందరూ కోటింగ్ అమ్మేవాళ్లే.

సర్టిఫికెట్ల సంగతికొస్తే ఐఐసీఆర్‌సీ, ఏసీఏసీ అనే అమెరికా సంస్థలవి కొందరి దగ్గర ఉంటాయి. ఆ సంస్థల వెబ్‌సైట్లలో పేరు వెతికి చూసుకోండి, గోడకు తగిలించిన కాగితాన్ని నమ్మొద్దు. చివరికి నేను తీసుకున్నది సర్టిఫికెట్ లేని సివిల్ ఇంజినీర్‌నే. పాత రిపోర్టు ఒకటి పంపమంటే, ఇంటి వివరాలు చెరిపేసి వెంటనే పంపాడు. అది చదివాకే నమ్మకం కుదిరింది.

రాజు, ఉప్పల్
సైట్ ఇంజినీర్‌ని. అక్కా, బూజు బతికేది తడి మీద. వచ్చినవాడు బూజు గురించి కాకుండా నీళ్ల గురించి ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నాడో చూడండి. గోడకు అవతల ఏముంది, పై ఫ్లాట్ బాత్రూమ్ ఎక్కడ వస్తుంది, ఏసీ నీళ్ల పైపు గోడలో ఎటు పోయింది, వాన పడ్డ మర్నాడు మచ్చ పెరుగుతుందా, ఎండాకాలంలో కూడా తడిగానే ఉందా, కూలర్ వాడతారా. ఇవేవీ అడగకుండా మిషన్ బయటికి తీశాడంటే అనుమానించాల్సిందే.

మిషన్ల గురించి కూడా తెలిసి ఉండాలి. పిన్నులుండే మాయిశ్చర్ మీటర్‌ను (తడి కొలిచే మిషన్) తయారుచేసింది ప్రధానంగా చెక్క కోసం. సిమెంట్ ప్లాస్టర్ మీద అది చూపే శాతాన్ని ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. అదే ఇంట్లో పొడిగా ఉన్న గోడ మీద ఒకసారి, మచ్చ దగ్గర ఒకసారి పెట్టి తేడా చూడాలి. గోడకు ఉప్పు పట్టి ఉంటే అంత తడి లేకపోయినా అంకె ఎక్కువ వస్తుంది. థర్మల్ కెమెరా చూపేది ఉష్ణోగ్రతలో తేడానే. బూజు అందులో కనపడదు, తడి కూడా నేరుగా కనపడదు. చల్లగా కనిపించినచోట మళ్లీ మీటర్ పెట్టి నిర్ధారించుకోవాలి. స్క్రీన్ మీద నీలం మరక చూపించి "గోడంతా పోయింది" అని భయపెడితే నమ్మకండి.

పద్మ, తార్నాక
మాది పాత ఇండిపెండెంట్ ఇల్లు. కింది గోడల మీద తెల్లగా నూగులా లేచింది. ఒక కంపెనీవాళ్లు ఫంగస్ అని చెప్పి, ఇల్లు ఖాళీ చేసి మందు కొట్టాలన్నారు. తర్వాత వచ్చిన ఇంజినీరమ్మ ఆ తెల్లపొడిని చెంచాతో కొద్దిగా గీరి గ్లాసు నీళ్లలో వేసింది. మా కళ్లముందే కరిగిపోయింది. ఉప్పు! బూజైతే అలా కరగదట. నేలలోంచి చెమ్మ ఎక్కుతోంది, పునాది మీద చెమ్మను ఆపే డీపీసీ పొర దెబ్బతింది అని రాసిచ్చింది. పావుగంట కూడా పట్టని పని, కానీ ఆ ఆలోచన రావాలిగా.

సురేశ్, మియాపూర్
గాలి పరీక్ష గురించి నాది. మాకొచ్చిన రిపోర్టులో బెడ్‌రూమ్ గాలిలో ఇన్ని స్పోర్లు (బూజు విత్తనాల్లాంటి సూక్ష్మ కణాలు) అని పెద్ద అంకె, పక్కన ఎర్రరంగు. బయటి గాలి శాంపిల్ మాత్రం తీయలేదు. బూజు స్పోర్లు బయటి గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వానాకాలంలో మరీ. అదే రోజు బయట తీసిన శాంపిల్‌తో పోల్చకపోతే లోపలి అంకెకు అర్థం లేదు. శాంపిల్ ఏ ల్యాబ్‌కు పోతుందో అడగండి. ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందంటే సరిపోదు, ఆ గుర్తింపు ఈ పరీక్షకు ఉందో లేదో ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే బూజు పరీక్ష ప్లేట్ కిట్లు కొనకండి. మూత తీసి పెడితే ఏ ఇంట్లోనైనా ఏదో ఒకటి మొలుస్తుంది.

ఛాతీ డాక్టర్, సికింద్రాబాద్
లతగారూ, కంటికి కనిపిస్తున్న బూజుకు గాలి పరీక్ష అక్కర్లేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా చాలావరకు ఇదే చెబుతుంది. గాలిలో ఇంతవరకు ఉండొచ్చు అనే ఆరోగ్య పరిమితి కూడా అమెరికా ప్రభుత్వం నిర్ణయించలేదు. ఏ రకం బూజైనా చేయాల్సింది ఒకటే: తడి ఆపాలి, బూజు తీసేయాలి.

బాబును ఈ రోజే ఆ గదిలోంచి మార్చండి. అతను ఇంట్లో ఉండగా గోడ గీకించొద్దు, పొడిగా ఉన్నప్పుడు అసలే వద్దు. మచ్చ మొత్తం పది చదరపు అడుగుల లోపు ఉంటే ఎన్95 మాస్కు, గ్లౌజులు వేసుకుని సబ్బునీళ్లతో పెద్దవాళ్లే తుడవొచ్చు. బ్లీచింగ్ అక్కర్లేదు, చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెస్తుంది. ఇన్‌హేలర్ వాడకం పెరిగిందంటే మాత్రం ఇన్‌స్పెక్టర్ కోసం ఆగకుండా ముందు మీ డాక్టర్‌కు చూపించండి.

ఫర్హానా, టోలిచౌకి
2020 అక్టోబర్ వరదలో మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ఒక్కటే చెప్తా. తడిసినవి ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పట్టేస్తుంది. మా ఇంట్లో పైకి గోడలు బాగానే ఆరాయి, ప్లైవుడ్ కప్‌బోర్డుల వెనకవైపు నల్లబడింది. వచ్చినవాడు వార్డ్‌రోబ్ వెనక ప్యానెల్ విప్పి చూస్తానంటే ఒప్పుకోండి. విప్పనంటే పంపించేయండి.

అడ్వకేట్, కూకట్‌పల్లి
మూడేళ్లే అన్నారు కాబట్టి ఇది ముఖ్యం. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మీ ప్రాజెక్టు రెరాలో రిజిస్టర్ అయిందో చూసుకోండి. కానీ "గోడకు బూజు ఉంది" అనే రిపోర్టు పనికిరాదు, మీరు కిటికీలు తీయట్లేదని బిల్డర్ తప్పించుకుంటాడు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఏ పరీక్షతో తేలిందో, తేదీలు, ఫొటోలు, ఎక్కడ ఎంత రీడింగ్ వచ్చిందో ప్లాన్ మీద గుర్తులు, ఇంజినీర్ సంతకం ఉండాలి. ఇవన్నీ ఇస్తారా అని ఫీజు మాట్లాడేటప్పుడే మెసేజ్‌లో రాయించుకోండి.

లత, నిజాంపేట్
అందరికీ చాలా థాంక్స్. బాబు నిన్నటి నుంచి హాల్లో పడుకుంటున్నాడు. రాజు తమ్ముడూ, ఆ గోడ ఏప్రిల్‌లో కూడా చల్లగా, తడిగానే ఉండింది. సరిగ్గా దాని పైనే పై ఫ్లాట్ బాత్రూమ్. వాళ్లు మంచివాళ్లే, అడిగితే లోపలికి రానిస్తారు.

రాజు, ఉప్పల్
అయితే అక్కా, వచ్చే మనిషిని పాండింగ్ టెస్ట్ చేయమనండి. పై బాత్రూమ్ నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) మూసి, రంగు కలిపిన నీళ్లు నిలబెట్టి ఒక రోజు వదలాలి. ముందు, తర్వాత మీ గోడ మీద ఒకేచోట మీటర్ పెట్టాలి. రీడింగ్ పెరిగినా, రంగు దిగినా లీకు ఫ్లోర్‌లోంచే. మార్పు లేకపోతే పైపులను ప్రెషర్ పెట్టి చూడాలి. అడ్వకేట్ గారు చెప్పిన రిపోర్టుకు ఇదే ఆధారం అవుతుంది, వీడియో తీసి పెట్టుకోండి. ఇంకోటి, లీకు ఆగిన వెంటనే పుట్టీ పెట్టనివ్వకండి. పొడిగోడ రీడింగ్‌కు దగ్గరగా వచ్చేదాకా ఆగాలి, వానాకాలంలో వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా వార్డ్‌రోబ్‌ను ఆ గోడకు దూరంగా జరిపి ఉంచండి.