40 శాతం హైక్ వదిలేశా, నేను పిచ్చోడినా? చిన్న చిన్న వాటిల్లోనే సంతోషం ఉందంటే బెంగళూరులో నమ్మేవాళ్లున్నారా?

హూడి_కుర్రోడు:
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికుంటే చదవండి. పోయిన నెల నాకో ఆఫర్ వచ్చింది, ఇప్పుడున్న జీతం మీద 40 శాతం ఎక్కువ, కానీ ఆఫీసు సర్జాపూర్ రోడ్డులో, వారానికి 4 రోజులు రావాల్సిందే అన్నారు. నేనుండేది హూడి, ఇప్పటి ఆఫీసుకి నడిస్తే 15 నిమిషాలు. రెండు రాత్రులు ఆలోచించి వద్దని మెయిల్ పెట్టేశా. అప్పట్నుంచి మా బావమరిది, కాలేజీ వాట్సాప్ గ్రూపు, ఆఖరికి మా పక్కింటాయన కూడా నన్ను చూసి జాలిపడటమే.

నా సంగతి ఇది. పొద్దున 8 గంటలకి దారిలో దర్శినిలో (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్) ఆగుతా. బయట రాతి కట్ట మీద కాఫీ గ్లాసు పెడతానో లేదో, రోజూ అక్కడే నిలబడి పేపర్ చదివే ఒక రిటైరైన పెద్దాయన ఏం మాట్లాడకుండా లోపలి పేజీలు లాగి నా చేతికిస్తాడు. కన్నడ పేపరు. అక్షరాలు మనవాటిలాగే ఉంటాయి కాబట్టి హెడ్డింగులు కూడబలుక్కుని లాగించేస్తా. కాఫీ అయ్యాక మడతపెట్టి ఇచ్చేస్తా. ఏడాదిన్నర అయింది, ఒకరి పేరు ఒకరికి తెలీదు. ఆదివారం కబ్బన్ పార్కు, టికెట్ లేదు. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడి కడలెకాయి పరిషెకి (వేరుశనక్కాయల జాతర) పోయి మా పాపని భుజాల మీద కూర్చోబెట్టుకుని వేడి వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ తిరుగుతాం. ఇవన్నీ కలిపినా ఎంతవుతుంది చెప్పండి. సంతోషం ఇక్కడే ఉంది, డబ్బు వెనకాల పరిగెడితే ఇవే పోతాయి అని నేనంటా. నీ బద్ధకానికి పేరు పెట్టావ్ అని మావాళ్లంటారు. మీరేమంటారు?

సిల్క్‌బోర్డు_స్వామి:
సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఒక్క సిగ్నల్‌కే దాటేసిన రోజు నాకొచ్చే ఆనందం ఏ బోనస్సూ ఇవ్వలేదు బ్రో. ఫుల్ సపోర్ట్.

చెనిక్కాయ:
అన్నా తప్పుగా అనుకోవద్దు, పరిషె అన్నావ్ కాబట్టి రాస్తా ఉండా. నాది అనంతపురం పక్కన పల్లె. మాది వానాధారం, బోరు లేదు. మా నాయన 30 ఏండ్లు చెనిక్కాయే (మీ వేరుశనక్కాయే) వేసినాడు. వాన జూలైలో పడితే విత్తనం, ఊడలు దిగేటప్పుడు ఇంకో వాన పడకపోతే చెట్టు పచ్చగానే ఉంటాది, కింద పీకి చూస్తే కాయలో పప్పుండదు. ఒక ఏడాది మా నాయన అట్లా ఒక చెట్టు పీకి, కాయ నొక్కి చూసి, ఏం మాట్లాడకుండా గట్టు మీద కూర్చున్నాడు, నాకప్పుడు 11 ఏండ్లు, పక్కన కూర్చున్నా. సాయంత్రం చల్లగాలి వస్తా ఉంది, ఆకాశం ఎర్రగా ఉంది, నువ్వు చెప్పే సింపుల్ థింగ్స్ అన్నీ ఆ పూట మా చేన్లో ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలా.

నీకది పొట్లం, మా నాయనకి అది రేటు. అంతే తేడా. ఇప్పుడు నేను మారతహళ్లిలో పీజీలో ఉంటా, 40 శాతం ఎవరన్నా ఇస్తే సర్జాపూర్ కాదు హోసూరుకైనా పోతా. చిన్న వాటిల్లో సంతోషం అనేది పెద్దవన్నీ సర్దుకున్నాక వచ్చే మాట.

హూడి_కుర్రోడు:
@చెనిక్కాయ ఒప్పుకుంటా తమ్ముడూ. తిండికీ మందులకీ లేనివాళ్ల గురించి నేను అనడం లేదు, కాస్త సరిపడా ఉన్నాక ఇంకా ఇంకా అని పోవడం గురించే అడిగా. ముందే రాయాల్సింది.

లెక్కలరాయుడు:
ఇక్కడ ఇద్దరూ ఊహల మీద కొట్టుకుంటున్నారు, దీని మీద లెక్కలున్నాయి. 2010లో కానెమన్, డీటన్ అనే ఇద్దరు (ఇద్దరికీ ఎకనామిక్స్‌లో నోబెల్ ఉంది) అమెరికాలో 4.5 లక్షలకి పైగా సర్వే జవాబులు చూసి, రోజువారీ మూడ్ అనేది ఏడాదికి 75,000 డాలర్ల దగ్గర ఆగిపోతుంది, ఆ పైన జీతం పెరిగినా మూడ్ పెరగదు అన్నారు. హూడి కుర్రోడు లాంటివాళ్లందరూ పట్టుకు తిరిగే లెక్క ఇదే. సగమే చెప్తారు, ఎందుకంటే అదే స్టడీలో "మొత్తం మీద నీ జీవితం ఎలా ఉంది" అని అడిగితే వచ్చే మార్కులు మాత్రం జీతంతో పాటు పెరుగుతూనే పోయాయి.

తర్వాత 2021లో కిల్లింగ్స్‌వర్త్ అనే ఆయన ఫోన్ యాప్‌లో రోజులో ఎప్పుడు పడితే అప్పుడు "ఇప్పుడెలా ఉన్నావ్" అని 33,391 మందిని అడిగితే 75,000 దగ్గర ఏం ఆగలేదు. అప్పుడు కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ కొట్టుకోకుండా కలిసి కూర్చుని 2023లో తేల్చింది ఏంటంటే, ఎక్కువమందికి సంతోషం జీతంతో పెరుగుతూనే ఉంటుంది, బాగా దిగులుగా ఉండే అట్టడుగు 20 శాతం మందికి మాత్రం లక్ష డాలర్ల దగ్గర ఆగిపోతుంది, అంటే వాళ్ల బాధ డబ్బుతో తీరేది కాదు. ఇంకో మెలిక, పెరుగుదల రూపాయల్లో కాదు, రెట్లలో. 20 వేలు 40 అయితే ఎంత తేడానో, 2 లక్షలు 4 అయితేనే మళ్లీ అంత తేడా. కాబట్టి చెనిక్కాయకి 10 వేలు అంటే పండగ, మీకు అదే 10 వేలు అంటే కొత్త ఇయర్‌ఫోన్స్.

సిల్క్‌బోర్డు_స్వామి:
లాటరీ తగిలినోళ్ల స్టడీ ఒకటుంది కదా మాస్టారూ, వాళ్లకి టిఫిన్ తిన్నా జోకు విన్నా మజా రాలేదంట

లెక్కలరాయుడు:
ఉంది, 1978ది. గెలిచినవాళ్లు 22 మందే. టిఫిన్ తినడం, ఫ్రెండ్‌తో కబుర్లు, జోకు వినడం లాంటివి మామూలోళ్లకన్నా వాళ్లకి తక్కువ ఆనందం ఇచ్చాయన్న మాట నిజమే. 22 మందిని పట్టుకుని ప్రపంచానికి నీతి చెప్పలేం. 2020లో స్వీడన్ లాటరీ విజేతల మీద చాలా పెద్ద స్టడీ వచ్చింది, పెద్ద మొత్తం గెలిచినవాళ్లు పదేళ్లు దాటినా జీవితం మీద ఎక్కువ తృప్తిగానే ఉన్నారు. అయితే హూడి కుర్రోడికి పనికొచ్చేది వేరే ఉంది. 2004లో టెక్సస్‌లో 909 మంది ఉద్యోగాలు చేసే ఆడవాళ్లని నిన్నటి రోజంతా ముక్కలు ముక్కలుగా రాయమంటే, అన్నిటికన్నా చిరాగ్గా గడిచిన ముక్క పొద్దున ఆఫీసుకి పోయే ప్రయాణం. కాబట్టి నువ్వు వదులుకున్నది 40 శాతం, కొనుక్కున్నది రోడ్డు మీద పోయే రెండు మూడు గంటలు. నీది వైరాగ్యం కాదు బాబూ, బేరం. మంచి బేరమే.

ఎల్లో_బోర్డు:
నమస్తే సార్ నేను క్యాబ్ తోలతా, మాది మదనపల్లె, బండి ఆపుకుని వాయిస్‌లో చెప్తావుండా తప్పులుంటే చూసుకోండి. ఎయిర్‌పోర్ట్ దింపినాక అక్కడ మళ్లా ట్రిప్ పడేదానికి గంటలు గంటలు వెయిటింగ్, సీటు వెనక్కి వాల్చి పడుకుంటే ఏసీ వేస్తే గ్యాస్ పోతాది వేయకుంటే చెమట, ఆ టైంలో మావోళ్లు నలుగురు చెట్టు కింద చేరి సద్ది విప్పుకుని ఒకరి కూర ఒకరికి వేసుకుంటాము, అది సంతోషమా అంటే సంతోషమే, డబ్బుతో వచ్చిందా అంటే కాదు. కానీ నా బతుకులో పెద్ద సంతోషం ఏందంటే బండి లోను కట్టేసినాక బ్యాంకోళ్లు బాకీ లేదని ఎన్ఓసీ ఇస్తే ఆర్టీవోలో ఇచ్చి ఆర్సీ మీద హైపోథికేషన్ తీయించినా, కొత్త ఆర్సీలో బ్యాంకు పేరు లేదు, నా పేరు ఒక్కటే ఉంది. నిద్ర సుఖమెరగదు అంటారు కదా సార్, ఆ రోజు అలారం పెట్టకుండా పండుకున్నా, నాకు తెలిసింది సుఖం అంటే ఏందో. అది డబ్బుతో వచ్చిన సంతోషమా చిన్న సంతోషమా మీరే చెప్పండి. బుకింగ్ వచ్చింది ఉంటా.

చెనిక్కాయ:
అన్నా ఇది చదివినాక నాకు ఇంగ రాసేది లేదు

అడయార్_అక్క:
నేను నెల్లూరు పిల్లని, చెన్నైలో 14 ఏళ్ల నుంచి ఉంటున్నా. అందరూ డబ్బు డబ్బు అంటున్నారు, నాకు అర్థం కాని సంగతి ఒకటుంది. మా ఆయన కూడా ఇదే పాట. సాయంత్రం బీసెంట్ నగర్ బీచ్‌లో కాసేపు గాలి పీల్చుకుని, కాస్త సుండల్ (శనగల గుగ్గిళ్లు) తిని, ఇంటికొచ్చి రెండు పెసరట్లు తింటే చాలు, ఈ మనిషికి ఇంకేం కావాలి అంటారు. నిజమే, మంచి మనిషి. ఆ పెసలు రాత్రి నానబోసింది ఎవరు, అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బింది ఎవరు, ఆయన చెప్పులు విప్పే చప్పుడు విని పెనం పెట్టింది ఎవరు? ఆయనకి సింపుల్, నాకు గంటన్నర పని.

2015 డిసెంబర్ వరదల్లో మా వీధిలో కరెంటు లేదు, నీళ్లు లేవు, కింది పోర్షన్‌లో నీళ్లు నిలిచిపోయాయి, మేడ మీద ఒకే సిలిండర్ పెట్టుకుని నాలుగిళ్లవాళ్లం ఉప్మా చేసుకుని కొవ్వొత్తి పెట్టుకుని తిన్నాం, మగాళ్లే తరిగారు మగాళ్లే కలిపారు. అంత రుచి ఉప్మా మళ్లీ తినలేదు. అలాగని మళ్లీ వరద రావాలని కోరుకోను కదా.

తమ్ముడూ హూడీ, నువ్వు రాతి కట్ట దగ్గర పేపర్ చదివేటప్పుడు మీ ఆవిడ ఏం చేస్తుంటుంది?

సిల్క్‌బోర్డు_స్వామి:
😂 అక్క సిక్సర్

హూడి_కుర్రోడు:
అక్కా, దీనికి జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది.

తను కూడా సాఫ్ట్‌వేరే. ఎలక్ట్రానిక్ సిటీ. 6:50కి కంపెనీ బస్సు. మెట్రో ఉందిగా అంటారేమో, హూడి నుంచి మెజెస్టిక్, అక్కడ మారి ఆర్‌వీ రోడ్, మళ్లీ మారి ఎల్లో లైన్, ఊరికి ప్రదక్షిణ చేసినట్టే, అందుకే బస్సు. జీతం నాకన్నా ఎక్కువ, మా ఫ్లాటు ఈఎంఐలో ఎక్కువ భాగం తన అకౌంట్ నుంచే పోతుంది. నేను దర్శినిలో నిలబడే టైంకి తను ఇంకా బస్సులోనే ఉంటుంది. పాపకి డబ్బా మాత్రం 6 గంటలకే కట్టి పెట్టి పోతుంది, నేను స్కూల్ వ్యాన్ ఎక్కిస్తా.

ఈ పోస్టు తనకి చూపించా. చదివి నవ్వింది. "నువ్వు వదిలేసిన 40 శాతం బస్సెక్కి నేను తెస్తున్నా, పర్లేదు, పాప దగ్గర ఒకరుండాలి కదా" అంది. గొడవేం కాలేదు. గొడవైతేనే బాగుండేది అనిపించింది. ఆఫర్ వద్దన్నందుకు నాకిప్పటికీ బాధ లేదు, కానీ డబ్బు వెనకాల పరిగెడితే ఇవే పోతాయని రాశా చూడండి, అది నేను రాయాల్సిన మాట కాదు.

లెక్కలరాయుడు:
నిజాయితీగా చెప్పావ్. 2024 మార్చిలో నీళ్ల కరువప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఇలాంటిదే జరిగింది. కావేరి నీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అని వాటర్ బోర్డు రూల్ పెట్టిన రోజులు. అందరూ కుళాయిలో నీళ్లొస్తే పండగలా ఫొటోలు పెట్టారు, చిన్న సంతోషం అని. ట్యాంకర్ బిల్లు కట్టలేక బకెట్లతో మెట్లెక్కిన మా వాచ్‌మన్ కుటుంబం ఫొటోలేం పెట్టలేదు.

అడయార్_అక్క:
తమ్ముడూ, నువ్వు తప్పు చేశావని నేననలేదు. మీ ఆవిడ బస్సెక్కే ముందు కాఫీ తాగుతుందా?

హూడి_కుర్రోడు:
లేదక్కా. టైముండదు అంటుంది. ఆఫీసులో మిషన్ కాఫీ. ఇంట్లో ఫిల్టర్ ఉంది, మా అత్తగారు ఇచ్చింది, అటక మీద. రేపు దించి నేనే వేస్తా, 6:30కి ఇస్తా. పొడి ఎంత వెయ్యాలి, మూడు స్పూన్లా నాలుగా?

అడయార్_అక్క:
ఇద్దరికైతే మూడు నిండుగా. పొడి పైన ఆ గొడుగులాంటి బిళ్ల పెట్టి గట్టిగా నొక్కకు, డికాక్షన్ దిగదు. నీళ్లు బాగా మరగాలి. రాత్రే వేసి పెట్టుకో, పొద్దున్నే నీ వల్ల కాదు.